గిల్లి చూడండి, బావగారూ

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఫోన్ చేద్దామంటే ఆ బస్సు ఇంజను మీ చెవుల్ని ఎప్పుడో తినేసింది. నేను "పాపకి జలుబు" అంటే మీరు "గౌనుకి జేబెందుకు?" అంటారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మన మనవరాలు బుడంకాయకి నాలుగో నెల వచ్చింది. త్వరలో టీకాకి కారులో తీసుకెళ్ళాలి. పిల్లల సీటు ఉంటే గానీ పాపని కారెక్కించనని మా కోడలు భీష్మించుకుని కూర్చుంది. మన అదృష్టం చూడండి, సోఫా బాగు చేయించుకోవడానికి వచ్చిన ఒకాయన ఇంట్లో అటక మీద అలాంటి సీటే ఒకటి పడి ఉందట. అడగ్గానే ఇచ్చేశాడు. దుకాణానికి తెచ్చి, పాత గుడ్డంతా పీకేసి, ఎర్ర వెల్వెట్ తొడిగాను. కింద దళసరి స్పాంజి వేశాను. చుట్టూ బంగారు రంగు అంచు కుట్టాను. పట్టీలు గరుగ్గా ఉంటే అవి తీసేసి మెత్తటి రిబ్బను పెట్టాను. అది సీటు కాదు బావగారూ, సింహాసనం. మా అబ్బాయి చూసి, "నాన్నా, పాప కొన్నాళ్ళు ఆగుతుందిలే, ముందు నాకివ్వు" అన్నాడు.

ఇట్లు,
మీ వియ్యంకుడు

తా.క. వీపు ఆనే చోట పెద్ద పెద్ద బొత్తాలు కూడా కుట్టాను. మా ఆవిడ గుచ్చుకుంటాయంది. ఆవిడకి సోఫాల గురించి ఏమీ తెలియదు.

*

బావగారికి అనేక నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ చదివాను. మీ పనితనానికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. కానీ మీకు దణ్ణం పెడతాను, పాపని ఆ సింహాసనం ఎక్కించకండి. అది ఇదివరకు ఏ కారులో ఉండేదో, ఆ కారు దేన్ని గుద్దిందో మనకేం తెలుసు? పైకి బాగానే కనబడుతూ లోపల చిట్లి ఉండొచ్చు. రిబ్బను జడకి అందం గానీ, పాపని ఆపలేదు. స్పాంజి సంగతంటారా, బ్రేకు పడగానే అది అణిగిపోతుంది, పట్టీ వదులవుతుంది, పిల్ల జారిపోతుంది.

పాప బరువు, పొడుగు అమ్మాయిని అడిగి, మీ కారేదో దుకాణంలో చెప్పి, సరిపడే సీటు కొత్తది కొన్నాను. పార్సిల్లో వస్తుంది. వెనక సీట్లోనే పెట్టండి. పాప మొహం కారు వెనక్కి తిరిగి ఉండాలి. ఊపి చూస్తే సీటు ఇంచీ కూడా కదలకూడదు. దళసరి స్వెట్టరు తీసేశాకే పట్టీలు వెయ్యాలి. అంతా అయ్యాక భుజం దగ్గర గిల్లి చూడండి. వేళ్ళకి ఏమీ చిక్కకపోతే సరిగ్గా ఉన్నట్టు.

ఉంటాను మరి,
మీ బావ, మాజీ బస్సు డ్రైవరు

తా.క. బొత్తాల విషయంలో మా చెల్లెమ్మగారి మాట వినండి.

*

బావగారికి,

నమస్కారాలు ఉన్నాయి, కానీ కాస్త తక్కువగా ఉన్నాయి.

మీరు చెప్పినట్టే చేశాను. స్వెట్టరు తీశాను. అది మా ఆవిడ అల్లింది, ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు. పట్టీలు వేశాను. భుజం దగ్గర గిల్లాను. ఏమీ చిక్కకూడదన్నారు, బోలెడంత చిక్కింది. దూదిమూటలా ఉన్న పిల్ల, చిక్కదూ? అనుమానమొచ్చి రెండో భుజం కూడా గిల్లాను. వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చింది. మీ అమ్మాయి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "ఎందుకు గిల్లారు మావయ్యా?" అంది. "మీ నాన్నే గిల్లమన్నారమ్మా" అన్నాను. ఆ పిల్ల ముందు నా వంక, తర్వాత మీ ఫోటో వంక చూసింది. ఏ చూపు ఘాటైనదో చెప్పలేను. ఇంతకీ మీ ఉద్దేశమేమిటి? పిల్ల చిక్కిపోవాలా? మా ఇంట్లో పాలు ఎక్కువ పడుతున్నారనా?

ఇక వెనక్కి తిప్పడం. బడిలో అల్లరి చేసిన పిల్లల్ని గోడ వైపు తిప్పి నిలబెడతారు. మా బుడంకాయ ఏ నేరం చేసిందని? అయినా మీ మాట కాదనలేక తిప్పాను.

ఇంచీ కూడా కదలకూడదన్నారు కదా, ఆ భయం మీకిక వద్దు. వంకర సూది, నైలాను దారం తీసుకుని ఆ సీటుని కారు సీటుకి చుట్టూతా కుట్టేశాను. ఏనుగొచ్చి లాగినా కదలదు.

ఇట్లు,
చెప్పిన మాట వినే మీ వియ్యంకుడు

తా.క. మా అబ్బాయి నిన్న కారుని సర్వీసింగుకి ఇచ్చాడు. ఆ మెకానిక్ కుట్లు చూసి, "సార్, ఈ కారుకి ఆపరేషన్ ఎప్పుడైంది?" అని అడిగాడట.

*

బావగారికి నమస్కారాలు, ఎక్కడా తగ్గించకుండా.

గిల్లమన్నది పాపని కాదు మహానుభావా, పట్టీని! భుజం మీద పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత చిక్కకూడదు. చిక్కిందంటే వదులుగా ఉందన్నమాట. నా బంగారు తల్లి రెండు భుజాలకీ నా తరఫున క్షమాపణ చెప్పండి.

తక్షణం కుట్లు విప్పెయ్యండి. సీటుకి బెల్టు పోవడానికి దారి ఉంటుంది. కారు బెల్టుని అందులోంచి పోనిచ్చి, మోకాలితో బలంగా అదిమి, బెల్టు లాగి బిగించండి. బొమ్మలతో సహా ఉన్న పుస్తకం పెట్టెలోనే ఉంది.

వెనక్కి తిప్పడం శిక్ష కాదు. పసిపిల్లకి తల బరువు, మెడ లేత. కారు చటుక్కున ఆగితే తల ముందుకి విసురుగా వెళ్తుంది. వెనక్కి తిరిగి ఉంటే వీపునీ, మెడనీ, తలనీ ఆ సీటే ఒక్కసారిగా పట్టుకుంటుంది.

ఉంటాను,
మీ బావ

తా.క. అమ్మాయి ఫోన్ చేసి ఏదో గట్టిగా అంది. నాకు సగమే వినబడింది. మిగతా సగం వినబడనందుకు సంతోషంగా ఉంది.

*

బావగారికి,

మోకాలితో అదమమన్నారు. గిల్లినందుకే ఇంట్లో నాకు చోటు లేకుండా పోయింది కాబట్టి ముందే అడుగుతున్నాను. అదమడం పాపని కూర్చోబెట్టాకా, కూర్చోబెట్టక ముందా?

మనసులో మాట చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మా అబ్బాయిని ఆస్పత్రి నుంచి స్కూటరు మీద తెచ్చుకున్నాం. వాడికేం కాలేదు. పాపని మా కోడలు ఒళ్ళో పెట్టుకుంటే సరిపోదూ? తల్లి చేతులకంటే గట్టి బెల్టు ఏ కంపెనీవాడు చేశాడు చెప్పండి. ఈ గొడవ ఇంతటితో వదిలేద్దాం. సీటు తిప్పి పంపిస్తాను.

ఇట్లు,
మీ వియ్యంకుడు

తా.క. పుస్తకం చూశాను. బొమ్మలో పాప నవ్వుతోంది. దాన్నెవరూ గిల్లి ఉండరు.

*

బావగారికి,

కూర్చోబెట్టక ముందు! ముందు! ముందు!

తల్లి చేతుల గురించి అడిగారు. నేను బస్సు నడిపేటప్పుడు ఒకసారి మలుపులో లారీ అడ్డం వస్తే బ్రేకు తొక్కాను. పెద్ద వేగమేమీ లేదు. ముందు వరసలో ఒకమ్మాయి పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది బావగారూ, అద్దంలో చూస్తూనే ఉన్నాను. మరుక్షణం ఆ బిడ్డ నా గేరు రాడ్డు పక్కన ఉంది. ఎవరిదో బట్టల మూట మీద పడింది కాబట్టి దెబ్బ తగల్లేదు. కానీ ఆ తల్లి తన చేతులు ఖాళీ అయ్యాయని నమ్మలేక ఇంకా బిడ్డని పట్టుకున్నట్టే వాటిని అలాగే ఉంచుకుని కూర్చుంది.

ఆవిడ చేతుల్లో బలం తక్కువై కాదు. ఎవరి చేతులూ చాలవు. నా మీద కోపముంటే నన్ను తిట్టండి. సీటు మాత్రం పంపెయ్యకండి.

మీ బావ

తా.క. ఈ సంగతి మా అమ్మాయికి చెప్పకండి. నాలుగు రోజులు నిద్రపోదు.

*

బావగారికి సాష్టాంగ నమస్కారాలు. పడుకునే రాస్తున్నాను కాబట్టి ఇది మాటవరసకి అనడం లేదు.

కంగారు పడకండి. బుడంకాయ బ్రహ్మాండంగా ఉంది. మీ ఉత్తరం చదివిన వెంటనే వెళ్ళి కుట్లన్నీ విప్పేశాను. పుస్తకం ముందు పెట్టుకుని బెల్టు పోనిచ్చి, మోకాలితో అదిమి, బిగించాను. ఊపి చూస్తే కారే ఊగింది గానీ సీటు ఊగలేదు. పాపని కూర్చోబెట్టి పట్టీని గిల్లాను. ఏమీ చిక్కలేదు. మా కోడలు కూడా గిల్లి చూసి, "బాగుంది మావయ్యా" అంది. చాలా రోజులకి నాతో మాట్లాడింది.

నిన్న టీకాకి బయలుదేరాం. అబ్బాయి నడుపుతున్నాడు, పక్కన నేను, వెనక తల్లీపిల్లా. మార్కెట్ దాటాక ఒక సందులోంచి పరుపుల బండి అడ్డంగా వచ్చేసింది. వాడు బ్రేకు తొక్కాడు. వెనక వ్యాను వచ్చి మమ్మల్ని ధడేలుమని గుద్దింది. "పాప!" అని అరుస్తూ దిగి వెనక తలుపు తీశాను. కళ్ళు తెరిచి, నన్నోసారి చూసి, ఆవులించి, మళ్ళీ నిద్రపోయింది. మా కోడలికి, అబ్బాయికి గీత కూడా పడలేదు. పాప ఏడ్చిందల్లా డాక్టరు సూది గుచ్చినప్పుడే.

మరి మంచమెక్కింది ఎవరంటారా? నేనే. పిల్ల పట్టీలన్నీ ఇన్నిసార్లు చూసుకున్నవాణ్ణి, నా బెల్టు పెట్టుకోవడం మరిచిపోయాను. బ్రేకు పడగానే మూతి వెళ్ళి ముందున్న డాష్‌బోర్డుకి కొట్టుకుంది. పాపకి టీకా వేసిన డాక్టరే నాకు పై పెదవికి కుట్లు వేశాడు. అద్దంలో చూసుకున్నాను. కుట్టు కుట్టుకీ మధ్య దూరం సమంగా లేదు. ఆ పనికి మా దుకాణంలో ఎవరినీ చేర్చుకోను.

ఒకసారి కారు గుద్దుకుంటే అందులోని సీటు మళ్ళీ వాడకూడదని పుస్తకంలో ఉంది. పైకి కొత్తదానిలాగే ఉంది. పారేస్తే ఎవరైనా ఏరుకుని తమ పిల్లని కూర్చోబెడతారని ఇంటికి రాగానే కత్తెర తెచ్చి పట్టీలు నేనే కోసేశాను. ఇన్నేళ్ళలో కుట్టడానికి కాకుండా పాడుచెయ్యడానికి కత్తెర పట్టడం ఇదే మొదలు. మీరొకసారి రండి. ఇద్దరం కారులోనే సీట్లు అమ్మే దుకాణానికి వెళ్ళి, అందులో పెట్టి చూసుకుని కొత్తది కొందాం. అప్పటిదాకా బుడంకాయ కారెక్కదు. ఆ మాట అన్నది మా కోడలు కాదు, నేను.

ఇట్లు,
మీ కుట్లు పడ్డ బావ

తా.క. డాక్టరు నన్ను వారం రోజులు నవ్వొద్దన్నాడు. పొద్దున మా కోడలు పాపని నా పక్కన పడుకోబెట్టింది. నా వాచిన మూతి చూసి అది పుట్టాక మొదటిసారి పకపకా నవ్వింది. నేనెలా ఊరుకోను బావగారూ? నేనూ నవ్వాను. ఒక కుట్టు తెగింది. నేనే వేసుకుందామని చూస్తే మీ అమ్మాయి సూదుల పెట్టె దాచేసింది.