కూనిరాగం ఆగిన నలభై సెకన్లు

చిరంజీవి తమ్ముడికి,

అక్క మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ బావ నడుంనొప్పి కొంచెం ఎక్కువైంది, దానికి కారణం నేనే, ఎందుకో తర్వాత చెప్తాను. నా మోకాళ్ళ సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు తప్ప అవి ఉన్నట్టే గుర్తుండదు. అక్కడ నువ్వూ, మరదలూ, మేనకోడలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను అని రాయాలి. నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఒరేయ్ తుమ్మెదా, ఏం ఉత్తరంరా అది! ఆరు పేజీలూ ఒక్కటే పాట. వచ్చే నెల పదహారున పియానో మీద ఆ సొనాటా వాయించాలి, అదే రోజు నీ మొట్టమొదటి రికార్డు మళ్ళీ విడుదల చేస్తున్నారు, రెండో భాగంలో ఆ నెమ్మదైన చోటు మాత్రం రికార్డులో ఉన్నట్టు నీకిప్పుడు రావడం లేదు. "పందొమ్మిదేళ్ళ కుర్రాడికి వచ్చింది, యాభై ఏళ్ళ నాకు రావడం లేదక్కా. నలభై సెకన్లు, అంతే. ఆ కుర్రాడు ఎక్కడికి పోయాడు? పదహారు లోపల రాకపోతే ఆ రోజు వాయించను. ఇంకెప్పుడూ వాయించను" అని రాశావు. కింద ఖాళీలో మరదలు రెండు ముక్కలు ఇరికించింది. "వదినా, ఈయన నోట్లో రుమాలు కుక్కుకుని సాధన చేస్తున్నారు. పిల్ల నవ్వాలో ఏడవాలో తెలియక గుమ్మంలో నిలబడి చూస్తోంది. మీ మాటయితే వింటారు, ఏదో ఒకటి చెప్పండి."

రుమాలు దగ్గర నా ప్రాణం ఉసూరుమంది. వాయిస్తున్నంతసేపూ నీ గొంతులో కూనిరాగం తిరుగుతూనే ఉంటుంది కనుకే కదా నాన్న నీకు తుమ్మెద అని పేరు పెట్టాడు. ఎంతమంది గురువులు తిట్టినా పోలేదు. నీ రికార్డులన్నిటిలోనూ చెవి పెట్టి వింటే వినిపిస్తుంది, ఆ నలభై సెకన్లలో తప్ప. "అంతగా లీనమైపోయాడు వాడు, గొంతు కూడా మర్చిపోయాడు. కిటుకంతా అందులోనే ఉంది" అని నువ్వు తేల్చేశావు. అందుకే ఈ రుమాలు. అయ్యో నా పిచ్చి నాన్నా.

నువ్వడిగిన ప్రశ్నలకి వరసగా జవాబు చెప్తాను. ఆ మొదటి రికార్డు చేసిన రోజు పొద్దున నువ్వేం తిన్నావని అడిగావు. ఏమీ తినలేదు. నీకు జ్వరం, పాలు కూడా వద్దన్నావు. స్టూడియో కిటికీ తెరిచి ఉందా అని అడిగావు. స్టూడియోకి కిటికీ ఎక్కడుందిరా? గోడలకి, తలుపుకి, అన్నిటికీ దళసరి గుడ్డ కొట్టి ఉండేది. నేను అందులో టేపు కోసి అతికించే పనిలో చేరి అప్పటికి నాలుగేళ్ళు. నాన్నకి ఒక చెవి పోయాక పియానోలు శ్రుతి చేసే పని ఇక సాగలేదు, ఇంట్లో ఎవరో ఒకరు పనికి వెళ్ళాలి, నా పియానో పాఠాలు ఆపేసి నేను వెళ్ళాను. అది నీకు తెలిసిందే. నాకేం దిగులు లేదని అప్పుడు అన్నాను. కొంచెం ఉండేది.

ఇక కుర్చీ ఎంత ఎత్తులో ఉందని అడిగావు చూడు, ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలంటే అంతా చెప్పాలి. నాలుగు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను.

పోయిన మంగళవారం రికార్డు కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పాత టేపులు శుభ్రం చేసి కొత్తగా ఎక్కించే పని తనది. మా పాత స్టూడియో గిడ్డంగిలో నీ అసలు టేపు దొరికిందట. మిషన్ మీద పెట్టి తిప్పగానే రెండు చోట్ల విడిపోయిందట. చెప్పులు బయట విప్పి, కుర్చీ అంచున కూర్చుని, చాలా మర్యాదగా అడిగింది. "అమ్మా, ఏకబిగిన వాయించిందనీ, ఎక్కడా కోయలేదు, అతకలేదనీ పెట్టె మీద మీ సంతకం ఉంది. మరి మూడు ముక్కలెలా అయింది?"

ముప్పై ఒక్క ఏళ్ళు ఆగింది ఆ జిగురు. నేను లేచి మంచినీళ్ళు తేవడానికి వెళ్తుంటే ఆ పిల్లే అంది, "ఇన్నాళ్ళ తర్వాత ఎవరిక్కావాలమ్మా? కొత్త కవరు మీద కూడా అదే మాట వేస్తున్నారు. మీరు ఇంకోసారి సంతకం పెట్టేస్తే నేను మళ్ళీ అతికించేస్తాను. నేనైతే నోరెత్తను." కాగితం బల్ల మీద పెట్టి, వచ్చే శుక్రవారం వస్తానని వెళ్ళిపోయింది. మంచి పిల్ల. నన్ను కాపాడాలనే చూసింది. ఆ కాగితం ఇప్పుడు ఈ ఉత్తరం పక్కనే ఉంది.

తమ్ముడూ, ఆ రోజు పొద్దుట్నించీ నువ్వు ఆరుసార్లు వాయించావు. సొనాటా అంతా బ్రహ్మాండంగా వచ్చేది. ఆ నెమ్మదైన చోటుకి వచ్చేసరికి ఆరుసార్లూ తడబడ్డావు. వేగం నీకు మంచినీళ్ళ ప్రాయం, ఆగడమే నీకు తెలిసేది కాదు. పియానో పోటీకి టేపు పంపడానికి ఆ సాయంత్రంతో గడువు సరి. మధ్యాహ్నానికి నీ ఒళ్ళు కాలిపోతోంది. నాన్న నిన్ను భుజం పట్టుకుని నడిపించుకు వెళ్తుంటే గుమ్మం దగ్గర ఆగి అడిగావు, "ఒక్కటైనా బాగా వచ్చిందా అక్కా?" అని. "చివరిది బాగా వచ్చిందిరా, నువ్వెళ్ళి పడుకో" అన్నాను. అదీ మొదటి అబద్ధం.

స్టూడియోలో మగవాళ్ళందరూ భోజనానికి వెళ్ళారు. గంట టైముంది. నేను టేపు మిషన్ తిప్పి వదిలేసి, తలుపు తోసుకుని పియానో దగ్గరికి వచ్చాను. మైకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. నువ్వు పొడుగు కనుక కుర్చీ బాగా కిందికి దించి పెట్టావు. నేను దాన్ని నాలుగు మరలు పైకి తిప్పుకున్నాను. ఇదిగో, కుర్చీ ఎత్తుకి జవాబు. ఆ నలభై సెకన్లకి కుర్చీ పొట్టివాళ్ళ ఎత్తులో ఉంది.

రెండుసార్లు వాయించాను. రెండోది తీసుకున్నాను. నేను పియానో మానేశానని మీరందరూ అనుకున్నారు. నాలుగేళ్ళుగా రోజూ ఆ భోజనాల గంటలో నేను తినకుండా వాయించుకుంటూనే ఉన్నాను. నువ్వు ఇంట్లో ఏ ముక్క సాధన చేస్తే నేను స్టూడియోలో ఆ ముక్కే. నా అడుగుల చప్పుడు కోసేసి, నీ నలభై సెకన్లు తీసేసి, నావి పెట్టి, వెనకాల తెల్లటి జిగురు టేపు అంటించి గోటితో నొక్కాను. కాపీ తీసి పోటీకి పంపాను. అసలుది పెట్టెలో పెట్టి, ఎక్కడా కోయలేదని సంతకం చేశాను. ఒక్క క్షణం కూడా వెనకాడలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

అందులో కూనిరాగం లేకపోవడానికి కారణం అదిరా. నువ్వు లీనమైపోలేదు. నువ్వు అప్పుడు ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నావు. నాకు కూనిరాగం తీసే అలవాటు లేదు, అంతే.

నిన్ను మోసం చెయ్యాలని చెయ్యలేదు. నీ పదమూడేళ్ళ కష్టం ఒక్క జ్వరానికి పోకూడదనుకున్నాను. నిన్ను పిలిచారు, పెద్ద హాల్లో వేరే సంగీతం వాయించావు, చివరి వరసలో కూర్చుని విన్నాను, అక్కడ గెలిచింది నువ్వే, ఒక్క సెకను కూడా నాది కాదు. ఆ తర్వాతివన్నీ నీవే. కానీ ఆ టేపునే డిస్కు వేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. మొదటి కాపీ ఇంటికి తెచ్చి విని నువ్వే అన్నావు, "అక్కా, ఇది నేనేనా?" అని. "నువ్వు కాకపోతే ఎవర్రా?" అన్నాను. అప్పుడైనా చెప్పాల్సింది.

ఎందుకు చెప్పలేదంటే, నీ కోసమే అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. డిస్కు గురించి ఒక పెద్దమనిషి పేపర్లో రాశాడు గుర్తుందా, "రెండో భాగంలో ఆ కాస్తచోటు వింటుంటే ఊపిరి తియ్యడానికి మొహమాటం వేసింది" అని? నువ్వు దాన్ని నాకు చదివి వినిపించి ఎగిరి గంతేశావు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. బాధతో కాదు. ఆ పేపరు ముక్క కత్తిరించి బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాను. ఏడాదికోసారి తీసి చదువుతాను. అబద్ధం, నెలకోసారి. లోకం మెచ్చుకున్న ఆ నలభై సెకన్లూ నావని ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుసు, ఆ తీపి వదులుకోలేకపోయాను. సిగ్గుగా ఉందిరా. ఆ తీపి కోసం నీ నోట్లో రుమాలు పెట్టించానని ఇప్పుడు తెలిసింది.

ఇంకొక మాట కూడా ఉంది. టేపులు విని పదహారు మందిని పిలిచారు. పదిహేడో వాళ్ళు ఎవరో ఉంటారు. అబ్బాయో, అమ్మాయో తెలియదు. తమ టేపులో వాళ్ళు తప్పులతో సహా నిజాయితీగా వాయించి ఉంటారు. నీ విషయంలో నాకు నేను సర్దిచెప్పుకోగలను గానీ, ఆ పదిహేడో మనిషికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మీ బావకి నిన్న చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "అయితే ముప్పై ఏళ్ళుగా ఇంట్లో పియానో విద్వాంసురాలిని పెట్టుకుని నేను రేడియోలు కొంటూ ఉన్నానన్నమాట" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "నాకు చెప్పడం సులువే. ముందు వాడికి రాయి" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

సంతకం నేను చెయ్యను. శుక్రవారం ఆ అమ్మాయికి జరిగింది జరిగినట్టు నా చేత్తో రాసి ఇస్తాను. నీ అనుమతి అడగడం లేదు, నీకు ముందుగా చెప్తున్నాను. రికార్డు ఆపేస్తారో, పేపర్లో ఏం రాస్తారో నాకు తెలియదు. నీకేమీ తెలియదని స్పష్టంగా రాస్తాను. అయినా నీ మీద కొంత దుమ్ము పడకపోదు. దానికి నన్ను ఎంత తిట్టినా పడతాను. మాట్లాడనంటావా, అది మాత్రం తట్టుకోలేను, అయినా అదీ నీ ఇష్టమే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఉత్తరంతో పాటు అరచేతిలో పట్టేంత చిన్న టేపు చుట్ట పంపుతున్నాను. అది నీదే. ఆ రోజు కోసి తీసేసిన నలభై సెకన్లు. ఎందుకో పారేయలేకపోయాను, ఆ పేపరు ముక్కతో పాటే డబ్బాలో ఉంది. దాన్ని వినడానికే మొన్న అటక మీంచి పాత మిషన్ దింపమన్నాను, మీ బావ నడుం పట్టేసింది. నీ దగ్గర నాన్న ఇచ్చిన మిషన్ ఇంకా తిరుగుతోందని అన్నావుగా, దాని మీద పెట్టి విను.

బాగుందని చెప్పను. ఇక అబద్ధాలు చాలు. బాగాలేదురా. రెండు చోట్ల తడబడ్డావు, ఒకచోట బస్సు వెళ్ళిపోతున్నట్టు పరిగెత్తావు. విన్నాక, పోయిన ఏడాది నువ్వు ఇదే సొనాటా రేడియోలో వాయించినప్పుడు మీ బావ పట్టి ఉంచిన క్యాసెట్టు పెట్టాను. రెండూ ఒకదాని వెనక ఒకటి మూడుసార్లు విన్నాను. ముప్పై ఏళ్ళు టేపు విని బతికినదాన్ని, నా చెవి మీద నీకు నమ్మకం ఉంది కదా? ఆ కుర్రాడికి రానిది ఇప్పుడు నీకు వచ్చింది. అక్కడ నువ్వు ఆగుతున్నావు. నా దానిలా ఉండదు, ఎందుకుంటుంది? నాది భోజనం మానేసి, ఎవరైనా వచ్చేస్తారేమోనని భయపడుతూ వాయించింది. నీది నీలా ఉంది, గొంతులో కూనిరాగంతో సహా.

నువ్వు పోగొట్టుకున్నది ఏమీ లేదు తమ్ముడూ. ఇన్నేళ్ళుగా నువ్వు అందుకోవాలని చూస్తున్నది నిన్ను కాదు, నన్ను.

పదహారున వాయిస్తావో మానేస్తావో నీ ఇష్టం. వాయిస్తే మేమిద్దరం వస్తాం, చివరి వరసలో కూర్చుంటాం. ఏది ఎలా ఉన్నా, ఉత్తరం మడిచి పెట్టి ముందు ఈ ఒక్క పని చెయ్యి. మేనకోడలు ఇంకా గుమ్మంలో నిలబడి ఉంటుంది, దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకో. నోట్లోంచి ఆ రుమాలు తీసెయ్. పాడుకుంటూ వాయించు.

ఇట్లు,
ఆ నలభై సెకన్లూ దొంగిలించి, ఇన్నాళ్ళకి నీవి నీకు తిరిగిస్తున్న
నీ అక్క