ఎర్రబడిన పసుపు

శ్రీయుత రామ్మోహన్ గారికి,
ప్రయోగశాలల భద్రతాధికారి,
మాసన్ లేక్స్, అడిలైడ్.

అయ్యా,

విషయం: నా జియోపాలిమర్ దిమ్మలను ప్రమాదకర వ్యర్థాలుగా పారవేయించిన ఉత్తర్వును సవరించుట గురించి.

దిమ్మ మీద "గుర్తు తెలియని పొడి" ఉన్నదని తమరు రాశారు. తమకు గుర్తు తెలిసే భాషలో ఈ మనవి చేసుకుంటున్నాను.

1. మామూలు సిమెంటుకు సున్నపురాయిని బట్టీలో కాల్చాలి. అందులోంచి బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. నా దిమ్మలకు ఆ కాల్పు లేదు. థర్మల్ కేంద్రం బూడిదలో క్షార ద్రావణం కలిపి పోసినవి. ఏడాది ఉప్పునీటిలో ఉంచాక వాటి బలం ఎంత మిగులుతుందన్నదే నా పరిశోధన. ఏడాది నిండవచ్చింది.

2. దసరా నాడు, పరీక్షతో సంబంధం లేని ఒక విడి దిమ్మకు పసుపు రాశాను. క్షారం తగిలి అది ఎర్రబడింది. టెక్నీషియన్ ఏతాన్ హడలిపోయి తమను పిలిచాడు.

"అది టర్మరిక్, ఏతాన్. కూరల్లో వేస్తాం" అన్నాను.

"మా వీధి రెస్టారెంట్‌లో కూర ఇలా రంగు మారదే!" అన్నాడు. అతని అనుమానం న్యాయమే. తమ వైపు చూశాడు.

"నో ఐడియా, మేట్. ప్లే ఇట్ సేఫ్. మొత్తం బిన్ చేసెయ్" అన్నారు తమరు. తర్వాత నాతో, తెలుగులో: "ల్యాబ్‌లో ఈ పూజలేంటమ్మా? మన పరువు పోతుంది. సైలెంట్‌గా ఉండు."

ఉన్నాను.

3. పసుపు రాయడం నియమాలకు విరుద్ధం. అందుకు మందలించవచ్చు. ఉప్పునీటి తొట్టిలోని దిమ్మలకు పసుపు అంటలేదు. వాటినీ పారవేయించారు.

4. నమూనాలను నేనే కలుషితం చేశానని నా పరిశోధనను పర్యవేక్షించే కమిటీ భావిస్తోంది. గడువు పొడిగించకపోతే స్కాలర్‌షిప్పు, దాని వెనకే వీసా పోతాయి. ఇదిలా ఉండగా, యూనివర్సిటీకి కొత్త విద్యార్థులను పిలిచే పోస్టరు మీద "పర్యావరణానికి మేలైన సిమెంటు" అని నా ఫోటో ఉంది. నా చేతిలోని దిమ్మ కూడా ఆ బిన్‌లోకే వెళ్లింది.

దిమ్మలు తిరిగి అడగడం లేదు. మళ్లీ పోసుకుంటాను. ఆ పొడి పసుపేనని, ఆ సంగతి తమకు అప్పుడే తెలుసునని ఒక్క వాక్యం కమిటీకి రాయగలరు. వారు సమావేశమయ్యేలోగా ఈ మనవి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఆండాళ్,
పరిశోధక విద్యార్థిని

తా.క.: అంకుల్, మీ గృహప్రవేశానికి గుమ్మంలో దిష్టి తీసిన ఎర్రనీళ్లు కలిపింది నేనే. పసుపు నీళ్లకు రంగు తిరగడం లేదని లీల ఆంటీ కంగారుపడుతుంటే, "ఇంకాస్త సున్నం వెయ్యమ్మా, అదే ఎర్రబడుతుంది" అన్నది మీరు.