పసుపు నిలవని గడప

దమ్మపేటలో ఉన్న బావమరిది ముత్యాలుకు మీ బావ ఆశీస్సులు.

మీ అక్క అలిగి మీ ఇంటికి వచ్చింది కదా. కారణం చెప్పిందో లేదో. చెక్క తలుపును చెదలు తినేస్తే పీవీసీ తలుపు, గడప పెట్టించాను. వానకు ఉబ్బదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

"గిదేం గడప? పసుపు నిలవదు. లక్ష్మి ఎట్లొస్తది?" అన్నది.

"చెదలైతే రావు కదా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

పోయేటప్పుడు తలుపు గట్టిగానే వేసి ఉంటుంది. పాతదైతే వాడంతా వినపడేది. ఇది తేలిక, చప్పుడు లేదు. ఇంట్లోనే ఉందనుకొని చాలాసేపు చాయ్ అడుగుతూ కూర్చున్నాను.

ఇప్పుడు తలుపు అట్లనే ఉంచి, కింద వేపచెక్క గడప వేయించాను. దానికి పసుపు పూయడానికి మీ అక్క రావాలి. నేను రమ్మన్నానని చెప్పకు, సిగ్గు. గడప రమ్మన్నదని చెప్పు.

మీ బావ