చంటిదాని కింది పళ్ళు

బాన్సువాడ,
12-8-1938

అమ్మకు,

నువ్వు నల్లమందు పంపి, పళ్ళొచ్చేటప్పుడు చంటిది ఏడిస్తే పాలలో ఆవగింజంత కలిపి పట్టమన్నావు. నేను పట్టలేదు. కోపగించుకోకు.

మంగళవారం దానికి ఒళ్ళు కాలిపోయింది. చిగుళ్ళు వాచి పాలు తాగలేదు. మీ అల్లుడు పొలానికి నీళ్ళు పెట్టడానికి కాలవ మీదికి వెళ్ళారు. ఏడుపు వినలేక పొట్లం విప్పుతుంటే, బీడీలు చుట్టే పక్కింటి లచ్చవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అద్దు బిడ్డా. నా పెద్దబిడ్డకు గిట్లనే పెట్టిన. పండుకున్నది మల్ల లేవలే," అంది.

మూడేళ్ళ స్నేహంలో ఆ సంగతి నాకెన్నడూ చెప్పలేదు.

పొగాకు వాసన పోయేదాకా చేతులు తోముకుని, కాచి చల్లార్చిన నీళ్ళలో మెత్తని గుడ్డ తడిపి చిగుళ్ళు తుడిచింది. మూడు రోజులు బీడీల చాట ముట్టకుండా చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఉగ్గుగిన్నెతో పాలు పట్టింది. అంత ఓపిక నేను ఎవరిలోనూ చూడలేదు. జ్వరం తగ్గింది. నిన్న కింద రెండు పళ్ళు తెల్లగా కనిపించాయి.

వచ్చే నెల అన్నప్రాసన. మొదటి ముద్ద నువ్వే పెడతానన్నావు. అది లచ్చవ్వ చేత పెట్టిస్తానమ్మా. ఎవరేమన్నా సరే, నువ్వు వచ్చి ఆమె పక్కన కూర్చో.

నీ కూతురు