ఏ చెయ్యి?

దర్శకులు బెహ్‌జాద్ గారికి,

యజ్ద్ నుంచి గోల్నార్ తల్లి సలాం చెప్పి రాస్తున్నది. మా అమ్మాయి నటించిన మీ సినిమా బడిలో చూశాం. బాగుంది. ఒక్క టీ సీను గురించే ఈ ఉత్తరం.

టీ అందించినవాళ్ళతో కృతజ్ఞతగా "నీ చెయ్యి నొప్పెట్టకుండా ఉండాలి" అనడం మనందరికీ నోటి అలవాటే. ఆ సీనులో మా అమ్మాయి స్నేహితురాలు తర్‌లాన్ కూడా అలాగే అనేసింది, గోల్నార్ కుడి మోచెయ్యి కింద ఏమీ లేకుండా పుట్టిందన్నది మరిచి.

"ఏ చెయ్యి? ఉన్నదా, లేనిదా?" అంది మా పిల్ల.

"లేనిదేలే. ఉన్నది నొప్పెట్టాల్సిందే, నిన్న నా జడ లాగింది కదా!"

ఇద్దరూ టీ ఒలికేలా నవ్వారు. అది మీరు రాసిచ్చిన మాట కాదని నాకు తెలుసు. మీరా నవ్వు కోసేసి, గోల్నార్ ముఖం మీద ఏడుపు సంగీతం పెట్టారు. హాల్లో అందరూ కళ్ళొత్తుకుంటుంటే, "అమ్మా, అక్కడ నాకేమైంది?" అని అడిగింది.

ఎవరైనా ఆ మాట అనేస్తారన్న భయంతో ఇన్నేళ్ళూ దానిచేత టీ ఇప్పించలేదు నేను. తర్‌లాన్ వచ్చాకే ఇస్తోంది. ఆ నవ్వు మళ్ళీ పెట్టండి. ఏడ్చేవాళ్ళు అది విన్నా ఏడుస్తారు. షూటింగులో నేను ఏడ్చాను.

ఇప్పుడే టీ తెచ్చింది. మొదటిసారి నేనూ ఆ మాట అనేశాను.

"ఏ చెయ్యమ్మా?" అంది.

కాగితం మీద టీ మరకకు క్షమించండి.