రెండో కోత ఆగిన సంగతి

సత్తెనపల్లి దగ్గర మన ఊరు,
జూన్ 2003

చిరంజీవి శ్రీరమ్యకు నాయనమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, గేదే, నా మోకాళ్ళూ క్షేమం. మోకాళ్ళ మాట మర్యాదకి రాశాను. అక్కడ నువ్వూ, అమ్మా నాన్నా బాగున్నారని తలుస్తాను. ఫోన్ చెయ్యక ఈ ఉత్తరమెందుకంటావేమో. ఫోన్లో నేను గొంతు సవరించుకునేలోపే మీ నాన్న "అమ్మా, బిల్లు" అంటాడు. ఇది అంత తొందరగా తేలే సంగతి కాదు.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, ఈసారి ఆవకాయ ఎందుకు తెల్లబోయిందని. దాని జవాబు చివర్లో చెబుతాను, ఓపిక పట్టు.

రెండోది: "నిరుడు మీ ఊరి హైస్కూల్లో పదో తరగతి సగం మంది కూడా గట్టెక్కలేదు కదా, ఈసారి అంత మంది ఎలా పాసయ్యారు నాయనమ్మా, కాపీ కొట్టించారా?" అని. విశాఖలో కూర్చుని ఆ మాట అనడం తేలికే తల్లీ. ముందు ఆ బళ్ళో ఎవరు చదువుతున్నారో విను.

చేలూ పొలాలూ ఉన్న ఇళ్ళ మగపిల్లలు పొద్దున్నే పచ్చ వ్యానెక్కి సత్తెనపల్లి ఇంగ్లీషు మీడియానికి పోతారు. మెడలో టై ఉంటుంది. మధ్యాహ్నానికి దాంతోనే ముక్కు తుడుచుకుంటారు. అవే ఇళ్ళ ఆడపిల్లలు మాత్రం నడుచుకుంటూ మన బడికొస్తారు. పక్కింటి పిచ్చయ్య మనవడు వ్యానులో, మనవరాలు భవ్య కాలినడకన. "ఏం పిచ్చయ్యా, వ్యానులో చోటు చాల్లేదా?" అని అడిగాను.

"ఆడపిల్లకి తెలుగు మీడియం చాలదా పిన్నీ?"

"నీకు ఏ మీడియమూ చాల్లేదుగా, అందుకని అడిగాలే" అన్నాను. తువ్వాలు దులుపుకుని ఇంట్లోకి పోయాడు.

వీళ్ళు పోగా మిగతావాళ్ళంతా కూలి ఇళ్ళ పిల్లలు. చర్చి పేట వాళ్ళు, దూదేకుల వాళ్ళు. నిరుడు ఫలితాలు చూసి విద్యా కమిటీ మీటింగులో పంతుళ్ళని దులిపేసింది నేనే. గుంటూరు హాస్టల్లో ఉండి ఎస్సెల్సీ చదివినదాన్ని కదా, నోరూరుకోదు.

ఫిబ్రవరిలో మన చేలో మొదటి కోత సాగుతోంది. హెడ్మాస్టరు మొహిద్దీన్ బాషా గారు సైకిలు దిగి గట్టు మీద నిలబడ్డారు. నమస్కారం లేదు, పలకరింపు లేదు. మిరప సాళ్ళకేసి చూసి "పదో తరగతి!" అని కేకేశారు.

మాబూబీ అనే పిల్ల అలవాటు కొద్దీ "ప్రెజెంట్ సార్" అనేసి, నాలుక కరుచుకుని బుట్ట చాటున కూర్చుంది. చేనంతా ఒకటే నవ్వు. ఆయన మాత్రం నవ్వలేదు.

"అమ్మగారూ, నా పదో తరగతి బళ్ళో కంటే మీ చేలోనే ఎక్కువుంది. కమిటీ మీటింగు కూడా ఇక్కడే పెట్టేద్దామా?"

ఆయన మాటే నిజమని ఒప్పేసుకున్నాను. ఇది నా జీవితంలో అరుదు, గుర్తుంచుకో. కాయ ఎర్రబడేదీ, పరీక్షలు ముంచుకొచ్చేదీ ఒకే కాలమని నాకు తెలియక కాదు. రెంటినీ కలిపి ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు ఆ పిల్లల్ని పనిలోకి రావద్దన్నాను. అందరూ వెళ్ళి పిచ్చయ్య చేలో దిగారు. నా తెలివి అంతవరకే. అప్పుడు ముఠా మేస్త్రి అంకమ్మని పిలిచి, పిల్లల్ని బడికి పంపమని అడిగాను.

"పిల్లల్ని బడికి తోలితే నా ముఠా సగమైద్ది దొడ్డమ్మా. కోత ఆలీసమైద్ది. మీరు ఊరుకుంటారా? పడమటి నుంచి లారీలో ముఠాని దింపరూ? అప్పుడు పిల్లల కూలీ లేదు, మా కూలీ లేదు."

"దింపను. సగం ముఠాతోనే మొదటి కోత కానివ్వు. రెండో కోత పరీక్షలయ్యాక అందరూ కలిసి కొయ్యండి. అందాకా కాయ చెట్టు మీదే ఉంటుంది."

"పెదకాకాని సామి మీద ఒట్టెయ్యండి."

మిరప చేలో నిలబడి ఒట్టేశాను. అంకమ్మ మాటంటే మాటే. ఆ తర్వాత ఏ చేలోనూ పదో తరగతి పిల్ల కనపడలేదు. కూలి పోగొట్టుకున్నది వాళ్ళు. నేను చేసిందల్లా కోత ఆపుకోవడమే.

కాపీ గీపీ ఏమీ లేదే. పిల్లలు బడికెళ్ళారు, పంతుళ్ళు పాఠం చెప్పారు. అంతకంటే వింతేమీ జరగలేదు. మాబూబీ సెకండు క్లాసు. చర్చి పేట జక్రయ్య కూతురు లెక్కల్లో పోయింది, మళ్ళీ కట్టింది. "నీ కోసం వేసిన ఒట్టు దండగ" అంటే, "సగమే దండగ మామ్మగారూ, మిగతా అన్నీ పాసేగా" అంది.

ఇక అసలు సంగతి. పరీక్షలు ఇంకో రెండు ఉన్నాయనగా వాన పట్టుకుంది. పిచ్చయ్య బయటి ముఠాని దింపి అప్పటికే కోత ముగించుకున్నాడు. మన కాయ చెట్టు మీదే తడిసి, మచ్చలు పడి తెల్లగా తాలైపోయింది. గుంటూరు యార్డులో బేరగాడు బస్తాలో చెయ్యి పెట్టి ఒక కాయ తీశాడు, నా వయసు చూశాడు, మళ్ళీ అందులోనే పడేశాడు.

ఆ కాయ అమ్మితేనే కదా నీకు విజయవాడ హాస్టలు కాలేజీలో సీటు. మీ నాన్నకి "వాన కొట్టేసిందిరా" అని మాత్రమే చెప్పాను. "వాన మన చేతిలో ఉందా తల్లీ" అని వాడు నిన్ను ఊరుకోబెట్టాడట. వాన నా చేతిలో లేదు. కోత నా చేతిలోనే ఉంది.

ఒట్టేసేటప్పుడు నీ సీటు గుర్తుకు రాలేదంటే అదింకో అబద్ధం. గుర్తొచ్చింది. నీకు ఆ కాలేజీ కాకపోతే ఇంకో కాలేజీ ఉంటుంది, మాబూబీకి ఈ పరీక్ష పోతే ఇక పెళ్ళే అనుకున్నాను. నీ చదువు మీద నేను వేసిన లెక్క, నిన్ను అడక్కుండా వేశాను. కోప్పడు. ఊరికే అర్థం చేసుకున్నట్టు మాత్రం రాయకు.

ఆవకాయ సంగతి చెబుతానన్నాను కదా. అమ్ముడుపోని ఆ తాలు కాయలే దంపించి పెట్టాను. నువ్వు అన్నంలో కలుపుకుంటున్నది ఆ రెండో కోతే. మీ నాన్నకి చెబుతావో మానతావో నీ ఇష్టం. అయిపోయాక జాడీ తిప్పి పంపు. కడిగి పంపితే కోపం తగ్గిందనుకుంటాను. కడక్కుండా పంపినా తీసుకుంటాను, నేనే కడుక్కుంటాను.

ఇట్లు,
ఒట్టునీ సీటునీ రెంటినీ ఒక్కసారే నిలబెట్టలేకపోయిన
నీ నాయనమ్మ,
సుబ్బరావమ్మ