చింతపండుతో తోమిన తుపాకి

14 సెప్టెంబర్ 2025, ఆదివారం

కొత్తపేట వెళ్లాను. భాస్కరరావు మావయ్యగారు తన డబుల్ బ్యారెల్ తుపాకి నాకు అమ్ముతానన్నారు. రాజోలు దగ్గర నా రొయ్యల చెరువు మీద కొంగల ఆగడాలు అంతా ఇంతా కాదు. లైసెన్సు చేతికొచ్చింది, తుపాకే లేదు. చూస్తే అద్దంలా మెరుస్తోంది! ప్రతి దసరాకీ కామేశ్వరి అత్తయ్యగారు చింతపండు, ఇటికపొడి వేసి తోముతారట. పూజయ్యాక మావయ్యగారు గాల్లోకి ఒక్కటి పేలుస్తారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే వరస. ఇంత శ్రద్ధగా చూసుకున్న తుపాకి ఇంకెక్కడ దొరుకుతుంది?

16, మంగళవారం

నాకేం అర్థం కావడం లేదు. మావయ్యగారే తుపాకి పట్టుకుని నాతో రాజమండ్రి వచ్చారు. తుపాకుల మెకానిక్ కామరాజు గేజి పెట్టి కొలిచాడు. ఎడమ బ్యారెల్ ఒకచోట బాగా పల్చబడిపోయిందండీ, ఆ తోముడే దీని ప్రాణం తీసేసింది అన్నాడు. కొత్తలో ఎక్కువ మందు దట్టించి పేల్చి, తట్టుకుంటేనే దాని మీద ప్రూఫ్ మార్కు కొడతారట. ఆ మార్కు కూడా అరిగిపోయింది. మరి పోయిన దసరాకి బాగానే పేలింది కదా అన్నాను. పేలిందండీ, ఈసారి సంగతి నేను చెప్పలేనండీ అన్నాడు. మావయ్యగారు నవ్వేశారు. ఇద్దరిలో ఎవర్ని నమ్మాలి?

17

అత్తయ్యగారికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. ఆయన పేల్చినప్పుడల్లా పక్కన నేనే నించున్నాను బాబూ, అన్నారు.

20

పగిలిన బ్యారెళ్ల ఫోటోలు నెట్‌లో చూశాను. చూడకుండా ఉండాల్సింది.

25, గురువారం

నేను వద్దంటే ఈ దసరాకి ఆయనే పేలుస్తారు. కొంటే ఆ బాంబు నా నెత్తి మీదకొస్తుంది. ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కింది. తీసుకుంటానండీ, ఇక మీరు పేల్చకండి అన్నాను. ఆయ్, అలాగే అల్లుడూ అన్నారు. హమ్మయ్య అనుకునే లోపే, అయితే ఈ ఏడు నీ చేత్తోనే పేలుద్దువుగాని అన్నారు! సరేనని తలూపేశాను. నా అంత వెధవ ఇంకోడుండడు. భయంగా ఉంది.

2 అక్టోబర్, దసరా, ఉదయం 10

పూజయింది. తుపాకి నా చేతికిచ్చారు. తూటాలు కనబడటం లేదు. మావయ్యగారు బీరువా తిరగేస్తూ అందర్నీ కేకలేస్తున్నారు.

అత్తయ్యగారు మాత్రం వెతకడం లేదు. నా చేతిలోంచి తుపాకి తీసుకుని, కాఫీ గ్లాసు పెట్టారు.